తాగుడు, కల్తీ కల్లు మానేవారికి ఇచ్చే చెట్ల మందు: చట్టం దాటకుండా నడుపుకోవడానికి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇంట్లో ఒకరు తాగుడు మానాలనుకుంటే, చాలామంది ఆసుపత్రి కంటే ముందు వాకబు చేసేది చెట్ల మందు గురించే. ఫలానా ఊళ్లో పసరు ఇస్తారట, ఫలానా తండాలో పొడి ఇస్తారట అని విని, తెల్లవారకముందే బస్సెక్కి పోతారు. ఇచ్చేవాళ్లలో నిజంగా మంచి వైద్యులున్నారు. తీసుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. నేను మత్తు మానుతున్నవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో పనిచేసే మనిషిని. వాళ్లకు ఆసరాగా ఉన్న మూలిక రేపు ఏదో కేసులో ఇరుక్కుని దొరక్కుండా పోకూడదని గట్టిగా కోరుకుంటాను. అది నిలవాలంటే మందును చాటుగా ఇవ్వకూడదు, అందులో చాటుగా ఏదీ కలపకూడదు, ఆసుపత్రికి అడ్డం రానివ్వకూడదు. కింద ఉన్నవన్నీ నన్ను జనం అడిగే ప్రశ్నలే.

తాగుడు మానడానికి చెట్ల మందు ఇవ్వడం నేరమా?

కాదు. మన దేశంలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకు చట్టంలోనే చోటుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో వీటికోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అయితే ఆ చోటుకు హద్దులున్నాయి. ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, అందులో ఏముంది, దాని గురించి బయట ఏం చెప్పుకుంటున్నారు అన్న నాలుగు విషయాలు చూస్తారు. జనం చిక్కుల్లో పడేది ఎక్కువగా చివరి రెండింటి దగ్గరే.

మా తాతల నాటి నుంచి ఇస్తున్నాం. డబ్బులు కూడా అడగం, ఇచ్చింది తీసుకుంటాం. మాకెందుకు లైసెన్సు?

డబ్బు తీసుకోకపోతే చట్టం తగలదని అందరూ అనుకుంటారు. చట్టంలో ఉన్న మాట అమ్మకం ఒక్కటే కాదు, పంపిణీ కూడా. అమ్మడానికి గానీ పంచడానికి గానీ లైసెన్సు లేకుండా ఆయుర్వేద మందు తయారుచేయకూడదని 33ఈఈసీ సెక్షన్ చెబుతుంది. ఆదివారం ఆదివారం వందల పొట్లాలు కట్టి వచ్చినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చినా అది పంపిణీయే.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. వైద్యులు, హకీములు తమ సొంత రోగుల కోసం తయారుచేసుకునే మందుకు ఈ నిషేధం వర్తించదు. మన ఊళ్లలో నిజాయితీగా చేస్తున్నవాళ్లకు ఉన్న అండ ఇదే. సొంత రోగి అంటే మీరు నాడి పట్టి, మాట్లాడి, ఏం తాగుతున్నాడో ఎంత తాగుతున్నాడో కనుక్కుని, మళ్లీ రమ్మని చెప్పిన మనిషి. కొరియర్‌లో పొడి పంపించి ఫోన్‌పేలో డబ్బు వేయించుకున్న మనిషిని సొంత రోగి అనలేం. వైద్యుడిగా ఎవరిని గుర్తిస్తారన్నది మరో ముడి. బీఏఎంఎస్ అనే ఆయుర్వేద డిగ్రీ చదివి రిజిస్టర్ అయినవారికి ఇబ్బంది లేదు. వంశపారంపర్యంగా చేసేవాళ్లు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం మాత్రం వెంటనే మానాలి. నన్నడిగితే, దగ్గర్లోని రిజిస్టర్డ్ ఆయుర్వేద డాక్టర్‌తో కలిసి నడవడం అన్నిటికంటే మేలు. రోగిని ఆయన చూస్తారు, చీటీ ఆయన రాస్తారు, మూలిక మీ చేతి నుంచి పోతుంది.

లైసెన్సు తీసుకోవాలంటే ఏం చేయాలి?

ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలను చూసే ఆయుష్ శాఖకు ఫారం 24-డి మీద దరఖాస్తు పెడితే, అన్నీ సరిగా ఉంటే 25-డి లైసెన్సు వస్తుంది. ఈ-ఔషధి అనే పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. తయారుచేసే గది, నీళ్లు, ఎండబెట్టే చోటు, చదువుకున్న సాంకేతిక మనిషి, ప్రతి విడతకూ రికార్డు ఉండాలి. ఈ నియమాలన్నీ షెడ్యూల్ టి అనే దాంట్లో ఉన్నాయి. చిన్నవాళ్లకు ఇది భారమే, కాదనను. ఒక్కరే మోయలేకపోతే ఇప్పటికే లైసెన్సు ఉన్న తయారీదారుతో మీ మందు చేయించుకునే దారి ఉంది, దాన్ని లోన్ లైసెన్సు అంటారు.

కొందరు ఇది మందు కాదు, కషాయం పొడి అని చెప్పి ఆహార లైసెన్సు తీసుకుంటారు. పొడిని ఆహారంగా అమ్మదలిస్తే తీసుకోండి, తప్పులేదు. కానీ ఆహార లైసెన్సు పెట్టుకుని తాగుడు మాన్పిస్తుంది అని ప్యాకెట్ మీద వేశారంటే రెండు చట్టాల్లోనూ దొరికిపోతారు. ఆహారం ఏ జబ్బునూ నయం చేస్తుందని చెప్పుకోకూడదు.

మందులో ఏముందో చెబితే గుణం పోతుందని పెద్దలు అన్నారు. చెప్పి తీరాలా?

బయటికి అమ్మేదైతే చెప్పి తీరాలి. లేబుల్ మీద మందు పేరు, ఆయుర్వేద మందు అన్న మాట, కలిపిన మూలికల పేర్లు, పాళ్లు, తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబర్, బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి.

సొంత రోగికి ఇచ్చేటప్పుడు లేబుల్ చట్టం అంత గట్టిగా పట్టుకోకపోవచ్చు. అయినా చెప్పాలనే అంటాను. మత్తు మానుతున్న మనిషి ఒంట్లో అప్పటికే రకరకాల మందులుంటాయి. నిద్రకు ఒకటి, బీపీకి ఒకటి, ఆర్ఎంపీ ఇచ్చిన మాత్ర ఇంకొకటి. రాత్రి పూట తేడా చేసి ఆసుపత్రికి తీసుకుపోతే డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది ఏం తిన్నాడనే. ఏదో పసరు అన్న జవాబుతో ఆ డాక్టర్ ఏమీ చేయలేరు. పెద్దల మాట మీద గౌరవం ఉంటే, కనీసం ఒక కాగితం మీద మూలికల పేర్లు రాసి మడిచి రోగి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. అవసరం పడితేనే విప్పుతారు.

ఆయనకు తెలియకుండా అన్నంలోనో కూరలోనో కలిపే పొడి అమ్ముతున్నారు. మా వదిన తెచ్చింది. పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు.

న్యూస్‌పేపర్ ముక్కలో కట్టి, పైన దారం చుట్టి, రంగూ రుచీ ఉండదు, తాగితే వాంతి అవుతుంది, భయపడి వాడే మానేస్తాడు అని చెప్పి ఇస్తారు. తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు చేయించే గుణం ఉన్న ఇంగ్లిషు మందు ఒకటుంది, దాని పేరు డైసల్ఫిరామ్. అది డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలి. రోగికి అంతా చెప్పి, అతను ఒప్పుకున్నాక, లివర్, గుండె పరీక్షలు చూసుకుని మొదలుపెడతారు. తన ఒంట్లో అది ఉందని తెలియని మనిషి మామూలుగా క్వార్టర్ తాగాడంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాని ప్రభావం ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల వరకు ఉంటుంది.

చెట్ల పొడి పేరుతో అలాంటి రసాయనం కలిపి అమ్మితే అది కల్తీ మందు, నకిలీ మందు. అమ్మినవాడిమీద కేసు అవుతుంది. కలిపిపెట్టిన ఇల్లాలికి ఆ రాత్రి ఏమైనా జరిగితే జీవితాంతం మోయాల్సిన బాధ మిగులుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మానాలన్న కోరిక అతనిలో కొంచెమైనా ఉంటే, ఇంట్లో అన్నం మీదే నమ్మకం పోయిన రోజున అది కూడా చచ్చిపోతుంది. మీ దగ్గర ఇలాంటి పొట్లం ఉంటే పారేయకుండా తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖకు చెప్పండి, టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969. వాళ్లు శాంపిల్ తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తారు.

మా బావ కల్లు మానేసి చెట్ల మందు మొదలుపెట్టాడు. రెండో రోజే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్. మందు పడలేదా?

చాలాసార్లు తప్పు చెట్ల మందుది కాదు, మత్తు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల అలా అవుతుంది. పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఇది అందరికీ తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి పొద్దున దించిన కల్లు వేరు, సాయంత్రం దుకాణంలో సీసాల్లో పోసే తెల్లనీళ్లు వేరు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట చక్కెర, నురగ మందు, వాటితోపాటు అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారని ఎన్నో ఏళ్లుగా కేసుల్లో బయటపడుతూనే ఉంది. అల్ప్రాజోలం టెన్షన్‌కూ నిద్రకూ డాక్టర్లు మిల్లీగ్రాముల్లో రాసే మందు. రోజూ దాన్ని తాగిన ఒళ్లు దానికి అలవాటుపడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టకుండా పోతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద రాష్ట్రమంతటా గట్టిగా దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో ఇదే జరిగింది. మత్తు అందక జనం గుంపులు గుంపులుగా ఆసుపత్రుల్లో చేరారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

సారా, విస్కీ తాగేవాళ్లకూ ఇలాంటిదే ఉంది. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచి వణుకు మొదలవుతుంది. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య మనిషి పూర్తిగా మతి తప్పి మాట్లాడే ప్రమాదకరమైన దశ రావచ్చు.

ఈ నాలుగైదు రోజులను దాటించే మూలిక లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆసుపత్రిలో డైజిపామ్ లాంటిది ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, కనిపెట్టుకుని ఉంటారు. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, వాటిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. మందు ఇచ్చే వైద్యులకు నా విన్నపం ఒకటే. మానేసి ఎన్ని రోజులైంది అని మొదట అడగండి. వారం దాటలేదంటే ఆసుపత్రి చీటీ తెమ్మనండి. మీ దగ్గరికి వచ్చిన మనిషి ఫిట్స్‌తో పోతే, కారణం కల్లులో కలిపిన మందే అయినా నింద మీ పసరు మీద పడుతుంది, దాంతోపాటు ఆ మూలికను నమ్ముకున్న అందరి మీదా పడుతుంది.

ఆయుర్వేద షాపులో నరాల బలానికని ఒక అరిష్టం ఇచ్చారు. తాగుడు మానినవాళ్లు తీసుకోవచ్చా?

సీసా తిప్పి వెనక లేబుల్ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో పేరు, ఏనుగో గుర్రమో బొమ్మ ఉంటాయి. మోతాదు రాసిన చోట, సన్న అక్షరాల్లో స్వయంగా పుట్టిన ఆల్కహాల్ ఇంత శాతం అని ఇంగ్లిషులో ఒక లైను ఉంటుంది. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. అశ్వగంధారిష్టం, ద్రాక్షారిష్టం, బలారిష్టం, చివరికి తాగుడు జబ్బుకే గ్రంథాల్లో చెప్పిన శ్రీఖండాసవం కూడా అంతే. వాటిలో 5 నుంచి 12 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. మామూలు బీరు కంటే తక్కువేం కాదు.

మోతాదు రెండు మూతలే కదా అంటారు. నెల రోజులుగా నిగ్రహించుకున్న మనిషి నాలుక మీద ఆ ఘాటు, ముక్కులో ఆ వాసన పడితే పాత కోరిక లేచి కూర్చుంటుంది. పైగా అతను ఆసుపత్రి నుంచి డైసల్ఫిరామ్ తీసుకుంటుంటే ఆ రెండు మూతలకే రియాక్షన్ రావచ్చు. అదే మూలిక కావాలంటే చూర్ణంగానో మాత్రగానో కషాయంగానో దొరుకుతుంది. షాపులో అడిగేటప్పుడు తాగుడు మానిన మనిషికని చెప్పండి, సిగ్గుపడొద్దు.

ఏ మూలికలు కలిపితే నేరుగా కేసు అవుతుంది?

గంజాయి, నల్లమందు. ఈ రెండూ 1985 నాటి ఎన్డీపీఎస్ అనే మత్తు పదార్థాల చట్టంలో ఉన్నాయి. గంజాయి చెట్టు పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు చిటికెడు కలిపినా చెట్ల మందు అన్న మాట నిలవదు. ఆకు భంగును ఆ చట్టం గంజాయి నిర్వచనంలో చేర్చలేదు గానీ, దానిమీద ఎక్సైజ్ ఆంక్షలుంటాయి. ఆయుర్వేదం అని ముద్ర వేసి కిరాణా కొట్లలో అమ్మే మత్తు చాక్లెట్లు, వటీలు అనే ఉండల జోలికి పోవద్దు. నల్లమందు విషయానికొస్తే, కామిని విద్రావణ రసం లాంటి, ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందుల్లో కూడా అహిఫేనం పేరుతో ఉంటుంది. కూలి పనికి పోయేవాళ్లు ఒళ్లు నొప్పులకని మొదలుపెట్టి దానికే బానిసలవుతారు. ఒక మత్తు నుంచి బయటపడుతున్న మనిషికి అది ఇవ్వడం అన్యాయం.

అల్ప్రాజోలం కూడా ఎన్డీపీఎస్ కిందికే వస్తుంది. 5 గ్రాముల వరకు చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. నిద్ర పడుతుందని మూలికల పొడిలో ఆ మాత్రలు నూరి కలిపేవాళ్లు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. పరిమాణం పెరిగేకొద్దీ శిక్ష ఏళ్లలోకి పోతుంది.

ఇక నిషేధం లేకపోయినా విషం కింద లెక్కేసినవి ఉన్నాయి. ఉమ్మెత్త, గురివింద గింజ, గన్నేరు, జిల్లేడు, ముష్టి గింజలు, వత్సనాభి, నల్లజీడి లాంటివి షెడ్యూల్ ఈ(1) అనే విష పదార్థాల జాబితాలో ఉన్నాయి. వీటితో చేసిన మందు మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించాలి. తాగుడుకు కొందరు ముష్టి గింజలు వాడతారు. దాంట్లో స్ట్రిక్‌నిన్ అనే విషం ఉంటుంది, శుద్ధి సరిగా కాకపోతే అదే ఫిట్స్ తెప్పిస్తుంది. తాగుడు మానిన మొదటి వారంలో ఎలాగూ ఫిట్స్ భయం ఉండనే ఉంది. సర్పగంధ నిద్రకు ఇస్తారు. అది బీపీని దించుతుంది, కొందరిలో మనసును బాగా కుంగదీస్తుంది. తాగుడు మానిన మనిషి మనసు అప్పటికే కుంగి ఉంటుంది కాబట్టి నేనైతే వద్దంటాను.

అశ్వగంధ, బ్రాహ్మి, నేల ఉసిరి లాంటివైతే ఫరవాలేదు కదా?

ఆసుపత్రి దశ దాటాక, నిద్రకూ మనసు నిలకడకూ ఆకలికీ ఇవి ఆసరాగా ఉంటాయని చెప్పేవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ల మాటను నేను తీసిపారేయను. ఈ మూలికలు చట్టం లోపల నిశ్చింతగా దొరకాలనే ఈ తాపత్రయమంతా.

అయినా రెండు జాగ్రత్తలున్నాయి. తాగినవాడి లివర్ అప్పటికే దెబ్బతిని ఉంటుంది. అశ్వగంధ తిన్నవాళ్లలో కొందరికి లివర్ జబ్బు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దాని వేరు మాత్రమే వాడాలి గానీ ఆకు వద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా తయారీదారులకు చెప్పింది. మొదలుపెట్టే ముందు, నెల తర్వాత లివర్ పరీక్ష చేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. నిద్రమాత్రలు వాడుతుంటే అశ్వగంధ మగతను ఇంకా పెంచుతుంది.

రెండోది మూలికను గుర్తుపట్టడం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తిన్న కొందరికి లివర్ దెబ్బతిందని ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది తిప్పతీగేనని సరిగా తేల్చలేదని అంది. ఎవరి మాట నిజమైనా, తీగ ఏదో తేలకపోతే మందుకే చెడ్డపేరు వస్తుంది. పొడి కొట్టిన మూలిక సంతలో కొనకండి. వేరును వేరు రూపంలోనే, తీగను తీగ రూపంలోనే కొని మీ ముందర దంచండి.

నల్లమల నుంచి వేర్లు, గడ్డలు తెచ్చుకోవచ్చా?

అడవి హక్కుల చట్టం 2006 ప్రకారం చెంచులకు, తరతరాలుగా అడవిలో బతుకుతున్నవాళ్లకు మూలికలు, వేర్లు, గడ్డలు సేకరించుకుని అమ్ముకునే హక్కు ఉంది. బయటినుంచి బండేసుకుని అచ్చంపేట మీదుగా పోయి తవ్వుకొచ్చేవాళ్లకు ఆ హక్కు లేదు. అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం, వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు. చెంచుల దగ్గర సరైన ధరకు కొనండి, ఏం కొన్నారో ఎంత కొన్నారో రాసి పెట్టుకోండి. సర్పగంధ లాంటివి అడవిలో తగ్గిపోతున్నాయి. దొడ్లో పెంచుకోగలిగినవి పెంచుకోవడమే నయం.

బోర్డు మీద, యూట్యూబ్‌లో ఏం రాసుకోవచ్చు?

ఊరు, పేరు, వైద్యం చేసే రోజులు రాసుకోండి. ఒక్క మోతాదుతో తాగుడు బంద్, గ్యారంటీ, నూటికి నూరు శాతం అని రాశారా, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తగులుతుంది. మందు గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన ఇవ్వకూడదని అందులో ఉంది. తాయెత్తు, మంత్రించిన విభూతి, మహిమ అని చెప్పి జబ్బు నయం చేస్తామనడం కూడా అందులోనే నిషేధం. తెలంగాణలో ఔషధ నియంత్రణ అధికారులు ఇలాంటి ప్రకటనల మీద దాడులు చేస్తూనే ఉన్నారు. చాలామంది వైద్యులు మందు వల్ల కాదు, వీడియో వల్ల ఇరుక్కుంటున్నారు. ఎవరో పిల్లలొచ్చి వీడియో తీసి, తమకు తోచిన హెడ్డింగ్ పెట్టి వదిలేస్తారు. వీడియో తీయనిచ్చే ముందు హెడ్డింగ్ ఏం పెడతారో అడగండి. కోలుకున్న మనిషి ముఖం చూపించే హక్కు కూడా మీకు లేదు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి క్రేటమ్ అనే ఆకుపొడి గురించి చెబుతున్నాడు. అదేంటి? ఇక్కడికి తెప్పించుకోవచ్చా?

క్రేటమ్ ఆగ్నేయాసియా చెట్టు. థాయ్‌లాండ్, మలేషియాల్లో కూలీలు అలసట తెలియకుండా ఉండటానికి దాని ఆకు నమిలేవాళ్లు. అందులో ఉండే మిత్రాజినైన్, 7-హైడ్రాక్సీ మిత్రాజినైన్ నల్లమందు పనిచేసే చోటే మెదడులో పనిచేస్తాయి. అందుకే అమెరికాలో నొప్పి మాత్రలకు, హెరాయిన్‌కు బానిసలైనవాళ్లలో కొందరు దాన్ని ఆసరా చేసుకున్నారు.

2016 ఆగస్టులో అక్కడి మత్తుమందుల నియంత్రణ సంస్థ డీఈఏ ఈ రెండు రసాయనాలను అత్యవసరంగా హెరాయిన్ ఉన్న మొదటి షెడ్యూల్‌లో పెడతామని ప్రకటించింది. దాన్ని వాడి కోలుకుంటున్నవాళ్లు వీధిలోకి వచ్చారు, సంతకాలు సేకరించారు, చట్టసభ సభ్యుల చేత ఉత్తరాలు రాయించారు. అక్టోబరులో డీఈఏ ఆ నోటీసును వెనక్కి తీసుకుని ప్రజాభిప్రాయం అడిగింది. ఒక సంస్థ అలా వెనక్కి తగ్గడం అరుదు. తర్వాత 2019లో యూటా రాష్ట్రం అమ్మకాన్ని ఆపకుండా, కల్తీ లేకుండా, లేబుల్ సరిగా ఉండేలా ఒక చట్టం చేసింది. ఇంకొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అలబామా, ఇండియానా లాంటివి నిషేధించాయి. 1943 నుంచి నిషేధం ఉన్న థాయ్‌లాండ్ 2021 ఆగస్టులో దాన్ని మత్తు పదార్థాల జాబితా నుంచి తీసేసింది.

రెండో వైపు కూడా చెప్పాలి. క్రేటమ్‌కు అలవాటుపడితే అదీ మానడం కష్టమే. అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని ఏ జబ్బుకూ మందుగా ఒప్పుకోలేదు. 2018లో సాల్మొనెల్లా క్రిమి ఉన్న క్రేటమ్ పొడుల వల్ల 199 మంది జబ్బుపడ్డారు. 7-హైడ్రాక్సీని గాఢంగా తీసి మాత్రలు చేసి అమ్మడం మొదలయ్యాక, 2025 జూలైలో ఎఫ్‌డీఏ ఆ మాత్రలను నియంత్రణ జాబితాలో పెట్టమంది, ఆకును మాత్రం అందులో చేర్చమనలేదు. ఆకుకు అంత తేడా దక్కడానికి కారణం, దాన్ని కాపాడుకోవాలనుకున్నవాళ్లే పరీక్షలు చేయించి, వయసు పరిమితి పెట్టండి, లేబుల్ పెట్టండి అని అడగడం అని నేననుకుంటాను.

ఇక్కడికి తెప్పించుకోవద్దు. మన దగ్గర కల్లు, అల్ప్రాజోలం సమస్యకు అది మందు కాదు. సూట్‌కేస్‌లో పేరులేని ఆకుపొడి పెట్టుకుని విమానం దిగిన అబ్బాయి కస్టమ్స్ దగ్గర ఇబ్బంది పడతాడు.

ఆసుపత్రికి పోతే పోలీసులకు చెబుతారేమోనని భయం.

తాగుడుకు ఆ భయం అసలు అవసరం లేదు. గంజాయి, మాత్రల అలవాటు ఉన్నవాళ్లకు ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ చిన్న పరిమాణం కేసులో గానీ ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే అతన్ని శిక్షించరు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చెట్ల మందు తీసుకోవడం ఒక్కటే ఈ సెక్షన్‌కు సరిపోదు, గుర్తింపు ఉన్న చోట పేరు రాయించుకోవాలి. మాట్లాడటానికి ముందుగా 14446కు గానీ 14416కు గానీ ఫోన్ చేయొచ్చు. మొదటిది మత్తు మానడానికి, రెండోది మానసిక ఆరోగ్యానికి.

మా ఊళ్లో ఒక చోట చెట్ల మందు ఇచ్చి నెల రోజులు అక్కడే ఉంచుకుంటారు. పారిపోతారని గొలుసు వేస్తారు. సరేనా?

సరికాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బుల కింద లెక్కిస్తుంది. ఆ చట్టంలో ఏ రూపంలోనైనా గొలుసులు వేయడం నిషేధం. మనుషుల్ని ఉంచుకుని వైద్యం చేసే చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మందు ఎంత మంచిదైనా గొలుసు పడిన చోట వదిలిరాకండి.

మా కుటుంబ మందుకు పేటెంట్ తీసుకుంటే రక్షణ ఉంటుందా?

తరతరాలుగా తెలిసిన మూలిక విద్యకు పేటెంట్ రాదు, పేటెంట్ చట్టంలో 3(పి) అదే చెబుతుంది. పేటెంట్ ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

మందు వల్ల ఎవరికైనా తేడా చేస్తే ఎవరికి చెప్పాలి? చెబితే మమ్మల్నే పట్టుకోరా?

ఆయుష్ మందుల వల్ల చెడు జరిగితే నమోదు చేసే ఏర్పాటు దేశమంతటా ఉంది, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ దానికి కేంద్రం. ఆయుష్ సురక్ష అనే పోర్టల్‌లో రోగి కూడా చెప్పొచ్చు, వైద్యుడూ చెప్పొచ్చు. తానే ముందుకొచ్చి చెప్పిన వైద్యుడిని అధికారులు ఒక తీరుగా చూస్తారు, దాచి దొరికినవాడిని ఇంకో తీరుగా చూస్తారు.

అందుకు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, చిత్తుపుస్తకం చాలు. వచ్చిన తేదీ, పేరు, ఏం తాగేవాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, వేరే ఏ మాత్రలు వాడుతున్నాడు, ఏ మూలిక ఎంత ఇచ్చారు, ఎక్కడ కొన్నారు, మళ్లీ వచ్చినప్పుడు ఎలా ఉన్నాడు. ఆ వరుసలో లివర్ పరీక్ష అంకెలు కూడా రాస్తే ఇంకా మంచిది. పుస్తకం రోగి ముందే తెరిచి రాయండి, వేరేవాళ్ల కంటపడకుండా బీరువాలో పెట్టండి. ప్రతి విడత పొడిలోనూ గుప్పెడు తీసి, తేదీ రాసిన కవర్‌లో మూతికట్టి ఆ గడువు తీరేవరకు దాచండి. ఎవరైనా ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే ఆ పుస్తకం, ఆ కవర్ రెండూ చూపించండి.